పొగడ నిదానమే రోడ్డుకు మేలు

రోడ్డు పక్కకు చెట్టును ఎంచేటప్పుడు అందరూ ముందు అడిగేది ఎంత త్వరగా ఎదుగుతుందనే. ఆ లెక్కన తురాయి, పచ్చ తురాయి ప్రతిసారీ నెగ్గుతాయి, పొగడ వెనకబడుతుంది. అసలు ఆ ప్రశ్నలోనే పొరపాటుంది. ఇరుకు వీధిలో, మనుషులూ బండ్లూ ఎప్పుడూ మసలే చోట దశాబ్దాల పాటు నిలవాల్సిన చెట్టుకు నిదానంగా పెరగడం లోపం కాదు, అర్హత.

కారణం కలపలో ఉంది. చెట్టు ఆకుల్లో వండుకునే ఆహారానికి ఒక హద్దుంది. దాన్ని పల్చని గోడల కణాలకు ఖర్చు పెడితే కొమ్మ చకచకా సాగుతుంది. మందపాటి గోడలు కట్టుకుంటే సాగడం ఆలస్యమైనా గట్టిపడుతుంది. పొగడది రెండో దారి. సపోటా, ఇప్పలతో ఒకే కుటుంబానికి చెందిన ఈ చెట్టు చేవ బాగా బరువుగా ఉంటుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయి కలప పెళుసు, వేర్లు ఎక్కువగా పైపైనే పాకుతాయి. పైగా దాని గొడుగు బాగా వెడల్పు. పొడవాటి అడ్డకొమ్మ చివర గాలి ఊపితే ఆ బలమంతా కొమ్మ మొదట్లో పడుతుంది. గుండ్రంగా, బిగువుగా అల్లుకునే పొగడ గుబురులో అంత పొడవు సాగిన కొమ్మలు తక్కువ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు లెక్కలేనన్ని చెట్లు కూలాయి కదా, అంతటి తుపానుకు ఏ చెట్టు ఆగుతుందని అడగవచ్చు. నిజమే, ఏ జాతికీ హామీ లేదు. అయితే ఏటా వేసవి చివర వచ్చే మామూలు గాలివానలకే విరిగి బండ్ల మీద పడే కొమ్మల సంగతి వేరు. అక్కడ కలప గట్టిదనం లెక్కకొస్తుంది.

నీడ విషయంలోనూ పొగడదే పైచేయి. ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్ నెలల్లో తురాయి చాలాచోట్ల ఆకు రాల్చి ఉంటుంది. పొగడ ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. అంచులు అలల్లా ఉండే దాని దళసరి ఆకులు నిగనిగలాడుతూ ఎండను అడ్డుకుంటాయి. పూల ఆర్భాటం లేదన్న మాట ఒప్పుకోవాల్సిందే. తురాయి ఎరుపు ముందు పొగడ పూత కంటికి ఆనదు. కానీ రాలిన పువ్వునొకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూడండి: మీగడ రంగు నక్షత్రం, 24 సన్నని చీలికలు, నడుమ చిన్న రంధ్రం. రేకులన్నీ అడుగున కలిసి ఉండడం వల్ల పువ్వు చెదరకుండా ఒక్కటిగా రాలుతుంది. అందుకే పొగడ పూలను ముడి వేయనక్కర్లేదు, దారానికి గుచ్చితే దండవుతుంది. ఎండినా పరిమళం పోదు.

అసలైన అభ్యంతరం, నీడకు ఏళ్ల తరబడి ఎవరు ఆగుతారన్నది. ఆగక్కర్లేదు. పొగడ లేత వయసులో కొంత నీడను ఓర్చుకుంటుంది. రెండు పొగడల నడుమ త్వరగా ఎదిగే అవిసె వంటిది నాటి, పొగడ గుబురు అందుకున్నాక దాన్ని తీసేయవచ్చు. నర్సరీలోనే ఆరడుగులు పెంచిన మొక్క తెస్తే మరికొంత కాలం కలిసొస్తుంది. నారింజ రంగు పళ్లు రాలి కాలిబాట పాడవుతుందన్నదీ నిజమే. ఆ కొన్నాళ్లు ఊడ్చుకోవాలి. ఆ పళ్లు పక్షులకూ గబ్బిలాలకూ ఆహారం.

ఊళ్లన్నిటా పొగడే నాటమని కాదు. ఒకే జాతి వరసగా ఉంటే ఒక్క తెగులు అన్నిటినీ పట్టుకోవచ్చు. వెడల్పాటి రహదారుల పక్కన చింత, మర్రి ఉండాల్సిందే. ఇళ్ల మధ్య వీధుల్లో మాత్రం పొగడకు చోటివ్వాలి, మొదలు చుట్టూ మీటరు మేర సిమెంటు పోయకుండా మట్టి వదలాలి. నీరూ గాలీ దిగని నేలలో పొగడైనా గిడసబారుతుంది.