బీడును అడవిగా చదవడం: పోడు భూముల సంఘర్షణపై మానవశాస్త్ర పరిశీలన

ప్రవేశిక

అడవి, నీరు, కొండ, ఖనిజం కోసం జరిగే తగాదాలను సాధారణంగా వనరుల పంపిణీ సమస్యగా చూస్తాం. ఎవరికెంత దక్కాలన్నదే అక్కడ ప్రశ్న. మానవశాస్త్రం దానికంటే ముందున్న ప్రశ్నను అడుగుతుంది: ఇరుపక్షాలూ ఒకే వస్తువు గురించి మాట్లాడుతున్నాయా? జోన్ మార్టినెజ్ అలియర్ 2002లో వెలువరించిన 'పేదల పర్యావరణవాదం' గ్రంథంలో ఇటువంటి సంఘర్షణలను విలువ కట్టే భాషల మధ్య ఘర్షణగా వివరించాడు. ఒకరు నష్టపరిహారం లెక్కలో మాట్లాడతారు, మరొకరు బతుకుతెరువు లెక్కలోనో దైవం లెక్కలోనో మాట్లాడతారు. ఏ భాష చెల్లుబాటు కావాలో నిర్ణయించే అధికారం ఎవరిదన్నదే అసలు వివాదం. పోడు భూముల విషయంలో ఈ ఘర్షణ ఒక్క మాట దగ్గర చిక్కుకొని ఉంది. ఆ మాట 'బీడు'. తెలంగాణలో దీన్నే 'పడావు' అంటారు.

పోడులో బీడు స్థానం

కొండవాలుపై పొదలూ చిన్న చెట్లూ నరికి, ఎండబెట్టి, వేసవి చివర కాల్చి, ఆ బూడిద నేలలో తొలకరికి చిరుధాన్యాలూ పప్పుధాన్యాలూ కలిపి విత్తడం పోడు. రెండు మూడు పంటల తరువాత సారం తగ్గుతుంది, కలుపు పెరుగుతుంది. అప్పుడు రైతు మరో వాలుకు వెళతాడు. వెనుక మిగిలిన నేలపై మళ్ళీ మొలకలు, పొదలు, చెట్లు లేస్తాయి. కొన్నేళ్ళకు ఆ నేల తిరిగి సాగుకు వస్తుంది. అంటే పోడుకు బీడు విరామం కాదు, అది సాగులో ఒక దశ. పంట ఉన్న ముక్క ఎంత పొలమో, పొదలు లేచిన ముక్కా అంతే పొలం.

కొలత గొలుసుతో వచ్చిన ఉద్యోగికి మాత్రం ఇవి రెండు వేర్వేరు వస్తువులు. పంట ఉన్నది సాగు, పొదలున్నది అడవి. రాజ్యం తాను పాలించవలసిన దానిని ముందు తనకు అర్థమయ్యే గడులలోకి కుదిస్తుందని జేమ్స్ స్కాట్ 1998లో వాదించాడు. దస్త్రంలో 'సాగులోనే ఉన్న పొదలు' అనే గడి లేదు. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత తూర్పు కనుమలలో బిగిసిన ఆంక్షలు, 1922-24 నాటి మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాలలో ముఖ్యమైనవి. అందులో అల్లూరి సీతారామరాజు పాత్ర అందరికీ తెలిసినదే కనుక ఇక్కడ విస్తరించడం లేదు.

ఆదిలాబాద్ అనుభవం

నైజాం రాజ్యంలో ఇదే సమస్య మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1940లో జోడేఘాట్ కాల్పులలో కుమ్రం భీం మరణించిన తరువాత ఆదివాసుల పరిస్థితిని అధ్యయనం చేసే పని ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆస్ట్రియాలో పుట్టిన ఆయన యుద్ధకాలంలో బ్రిటిష్ పాలకుల దృష్టిలో శత్రుదేశీయుడు. రాజ్యం అనుమానించిన వ్యక్తే రాజ్యానికి ఆదివాసుల గురించి చెప్పవలసి రావడం ఒక విచిత్రం.

ఆయన నివేదికలు 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో వెలువడ్డాయి. కొలాములు కొండవాలులలో గునపంతో, పారతో పోడు చేసేవారు. గోండులు నాగలి పట్టిన రైతులు. అయినా పీఠభూమిలోని తేలిక నేలలు ఏటా పంటనివ్వవు గనుక గోండులు కూడా వాటిని కొన్నేళ్ళు సాగుచేసి, కొన్నేళ్ళు బీడు వదిలేవారు. రిజర్వు హద్దులు గీసినపుడు ఆ బీళ్ళు అడవి లోపలికి పోయాయి. బీడు ముగిసి రైతు తిరిగి వచ్చేసరికి అతడు తన పొలంలోనే ఆక్రమణదారు. పట్టా అవసరం తెలియని గోండుల నేలకు, ఆ అవసరం బాగా తెలిసిన వలస రైతులు పట్టాలు పొందారు. జోడేఘాట్‌ను కేవలం అటవీ సిబ్బంది దౌర్జన్యానికి ప్రతిచర్యగా వివరించే రచనలు ఈ వ్యవసాయ కారణాన్ని తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

2006 చట్టం: పాత గడి, కొత్త రూపం

చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దడం 2006 అటవీ హక్కుల చట్టం ప్రకటించుకున్న లక్ష్యం. ఆ చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి వాస్తవంగా ఆధీనంలో ఉన్న భూమికి, గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు, వ్యక్తిగత హక్కు లభిస్తుంది. 'వాస్తవ ఆధీనం' అన్న మాట దగ్గర పాత చిక్కు తిరిగి వస్తుంది. ఆ రోజున బీడుగా ఉన్న ముక్క ఉపగ్రహ చిత్రంలో పచ్చని పొదగా కనిపిస్తుంది. కొలత గొలుసు చేసిన పొరపాటునే ఆకాశం నుంచి చేయవచ్చు. ఉపగ్రహ చిత్రాలు ఇతర సాక్ష్యాలకు అదనమే తప్ప ప్రత్యామ్నాయం కావని 2012 సవరణ నియమాలు స్పష్టం చేశాయి.

దైవం వినిపించినంతగా పంట వినిపిస్తుందా?

తూర్పు కనుమలలోనే, ఒడిశాలోని నియమగిరి ఉదంతం దీనికి మరో పార్శ్వం. బాక్సైట్ తవ్వకంపై 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నిర్ణయాన్ని గ్రామసభల ముందు ఉంచింది. 12 గ్రామసభలూ తవ్వకాన్ని తిరస్కరించాయి. వ్యక్తిగత, సాముదాయిక హక్కులతో పాటు నియమరాజా ఆరాధనకు భంగం కలుగుతుందా అన్న ప్రశ్నను కూడా కోర్టు పరిశీలించమన్నది. దేశం దృష్టిని ఆకర్షించింది ఆ దైవమే. డోంగ్రియా కోందులు అదే కొండవాలులలో సాగు చేస్తారన్న సంగతి వెనకబడింది. విజయం విజయమే. కాని చూపించడానికి కొండదేవుడు లేక, జొన్నచేను మాత్రమే ఉన్న కొలాము రైతు ఏ భాషలో మాట్లాడాలి? పవిత్రతను పదే పదే ముందుకు తెచ్చే మానవశాస్త్ర రచన తెలియకుండానే ఆ రైతు వాదనను బలహీనపరుస్తుంది.

పరిశోధకుల పాత్ర

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. చట్టం కింద రూపొందిన 13వ నియమం అంగీకరించిన సాక్ష్యాలలో పెద్దల వాంగ్మూలాలు ఉన్నాయి. పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు, ఆచారాల నమోదులు కూడా ఉన్నాయి; ఉదాహరణగా భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ పేరును నియమమే పేర్కొంటుంది. క్షేత్రపరిశోధన గ్రంథాలయపు అలమరలో ఆగిపోవలసిన పని లేదన్న మాట. అయితే నేను చూసినంతలో మన తెలుగు శాఖలలో ఆదివాసులపై జరిగిన పరిశోధనలు పాటలను, సామెతలను, పండుగలను శ్రద్ధగా సేకరించాయి. ఏ వాలుకు ఏ పేరు, దానిని ఏ కుటుంబం ఎన్నేళ్ళు సాగు చేసి ఎన్నేళ్ళు వదిలింది, మళ్ళీ ఎప్పుడు తిరిగి వచ్చింది అన్న వివరాలు అరుదు. విత్తనాల పండుగ పాట రాసుకున్న పుటలోనే ఆ ఏడాది విత్తిన వాలు పేరు, దాని పక్కన బీడు వదిలిన వాలు పేరు, రెండింటి సంవత్సరాలు, చెప్పినవారి వయసు రాసుకోవడానికి అదనంగా పట్టే సమయం పది నిమిషాలు.