పారబోస్తే నేలకు విషం... పట్టి ఉంచితే మళ్లీ ఆయిలు!

ట్రాక్టరు నుంచి, డీజిలు ఇంజను నుంచి దించిన నల్ల ఆయిలును మీరేం చేస్తున్నారు? గట్టు పక్కన పోస్తున్నారా? అయితే ఈ నాలుగు మాటలు మీ కోసమే.

నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు పోయే దారిలో ఏదైనా ట్రాక్టరు షెడ్డు దగ్గర ఒక్క నిమిషం ఆగి కిందికి చూడండి. నేల నల్లగా, జిడ్డుగా, తారు పోసినట్టు ఉంటుంది. ఎన్ని వానలు పడినా అక్కడ గడ్డిపోచ మొలవదు. ఏళ్ల తరబడి దించిన ఇంజనాయిలు చేసిన పని అది.

షెడ్డు దగ్గర జరిగేదే మన పొలం దగ్గరా జరుగుతోంది. దుక్కుల కాలానికి ముందు ఆయిలు మారుస్తాం. పాతది గట్టు మీదో, కాలువ పక్కనో పోసేస్తాం. "ఇంత పొలంలో ఆ కాస్త ఆయిలు ఏం చేస్తాదిలే" అనుకుంటాం. ట్రాక్టరు మనది కాకపోయినా, బాడుగకు వచ్చినవాడు మన గట్టు మీదే దించిపోతే నష్టం మనకే.

లీటరు ఆయిలు - పది లక్షల లీటర్ల నీళ్లు

ఒక్క లీటరు వాడిన ఆయిలు పది లక్షల లీటర్ల మంచినీళ్లను పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క చెబుతోంది. ఇంజను లోపల కాగి కాగి, అరిగిన ఇనుము పొడి, మసి, సీసం, జింకు లాంటివి అందులో చేరతాయి. క్యాన్సరు తెచ్చే పదార్థాలు కూడా ఉంటాయి. అందుకే కొత్త ఆయిలు కన్నా పాతది ప్రమాదం.

మన ప్రాంతానికి ఇంకొక చిక్కు ఉంది. కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు అని భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో రాళ్లకు మన ఊళ్ల పేర్లే పెట్టారు. సున్నపురాయిని నీళ్లు మెల్లగా కరిగించుకుంటూ పోతాయి. కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలు అట్ల ఏర్పడినవే. ఇలాంటి రాయి ఉన్నచోట నీళ్లు ఇసుకలో వడకట్టినట్టు నిదానంగా దిగవు, పగుళ్లలో పడి నేరుగా పోతాయి. పైన నల్లరేగడిలో ఎండాకాలం చేయి పట్టేంత నెర్రెలు. అందులో పోసిన ఆయిలు ఎవరి బోరులో తేలుతుందో ఎవరు చెప్పగలరు?

చమురు బావుల వాళ్లను చూడండి

ఆయిలును పారేయకుండా మళ్లీ మళ్లీ వాడుకోవడం ఎట్లాగో చమురు బావులు తవ్వేవాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. మన బోరు బండి గాలి ఒత్తిడితో రాతిపొడిని బయటికి ఊదుతుంది. కోనసీమలో చమురు, గ్యాసు కోసం కిలోమీటర్ల లోతుకు పోవాలంటే గాలి చాలదు. చిక్కటి ద్రవాన్ని పైపులో నుంచి కిందికి తోస్తారు. దాన్ని డ్రిల్లింగ్ మడ్ అంటారు. అది బిట్టును చల్లబరుస్తుంది, రాతిముక్కలను పైకి మోసుకొస్తుంది, కింది నుంచి తన్నుకొచ్చే గ్యాసును తన బరువుతో అదిమి పెడుతుంది. బావి అదుపు తప్పితే ఏమవుతుందో 1995 జనవరి 8న పాశర్లపూడిలో చూశాం. ఆ మంటను ఆర్పడానికి 65 రోజులు పట్టింది.

ఈ మడ్డును మామూలుగా నీళ్లతోనే కలుపుతారు. కాని కొన్ని రకాల షేలు రాళ్లు మన రేగడి మాదిరే తడి తగిలితే ఉబ్బి పైపును పట్టేస్తాయి. అలాంటి చోట నీళ్లకు బదులు ఆయిలుతో కలిపిన మడ్డు వాడతారు. ఇది ఖరీదైన సరుకు, పారబోస్తే విషం. అందుకని బావిలో నుంచి పైకి వచ్చిన మడ్డును ముందు అదిరే జల్లెడ మీద పోసి రాతిముక్కలు వేరు చేస్తారు. తరువాత గిర్రున తిరిగే యంత్రాల్లో వేసి సన్న మట్టిని తీసేస్తారు. మిగిలిన ద్రవం మళ్లీ బావిలోకే. రాతిముక్కలకు అంటిన జిడ్డును కూడా కడిగో, వేడి చేసి ఆవిరి పట్టో వెనక్కి తీసుకునే పద్ధతులున్నాయి. మనం కళ్లంలో గింజకూ పొల్లుకూ చేట పట్టినట్టే ఇది.

డీజిలు కలిపిన మడ్డు వాడకూడదని కేంద్రం 2005లోనే నిబంధన పెట్టింది. తక్కువ విషం ఉన్న ఆయిలే వాడాలి, ముక్కలను కడగాలి, వ్యర్థాలు నేలలోకి దిగకుండా గుంతకు ప్లాస్టిక్ పరవాలి అని చెప్పింది. అంత పెద్ద కంపెనీలకు ఆ కట్టుబాటు ఉన్నప్పుడు మన ఆరేడు లీటర్లకు ఒక డబ్బా పెట్టుకోలేమా?

పాతది కొత్తదెట్లవుతుంది?

ఆయిలు అరిగిపోదు, మురికవుతుంది. అందులో కలిపిన మందుల బలం తగ్గుతుంది. అంతే. శుద్ధి చేసే కర్మాగారంలో ముందు దాన్ని తేరబెట్టి, నీళ్లు ఆవిరి చేసి, గాలి తీసేసిన పాత్రలో కాచి మరగబెడతారు. మురికి అడుగున నిలుస్తుంది, మంచి ఆయిలు ఆవిరై వేరుగా చేరుతుంది. దానికి రంగు, వాసన తీసి మళ్లీ మందులు కలిపితే కొత్త ఆయిలే. 100 లీటర్ల పాత ఆయిలు నుంచి సుమారు 60 లీటర్లు తీయవచ్చు. అదే 60 లీటర్లు ముడి చమురు నుంచి తీయాలంటే 4 వేల లీటర్లకు పైగా ముడి చమురు కావాలి. ఆ ముడి చమురును మనం ఎక్కువగా బయటి దేశాల నుంచే కొంటున్నాం.

2016 నిబంధనల ప్రకారం వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్నవాళ్లే దాన్ని శుద్ధి చేయాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిలు తయారు చేసే కంపెనీల మీదే పాత ఆయిలును మళ్లీ శుద్ధి చేయించే బాధ్యత కూడా పెట్టారు.

ఇవి చేయకండి

- పశువుల పుండ్లకు, కొమ్ములకు పాత ఆయిలు పూయకండి. నాలుకతో నాకితే లోపలికి పోతుంది.
- వరిలో గూళ్ల పురుగుకు కిరోసిను చల్లి తాడు లాగడం పెద్దలు చేసిన పద్ధతే. కిరోసినుకు బదులు నల్ల ఆయిలు మాత్రం వద్దు.
- చెదలకని చెట్ల మొదళ్లలో పోయకండి. పొయ్యిలో, చలిమంటలో కాల్చకండి.
- పురుగుమందు డబ్బాలో పట్టకండి. నీళ్లు, పెట్రోలు, కిరోసిను కలపకండి. కలిస్తే శుద్ధికి పనికిరాదు.

ఇవి చేయండి

- ఆయిలు మార్చేటప్పుడు కింద వెడల్పు గిన్నె పెట్టండి. ఫిల్టరును కూడా బోర్లించి పూర్తిగా కారనివ్వండి.
- మూత బిగించే డబ్బాలో పోసి, బావికీ బోరుకూ దూరంగా నీడలో ఉంచండి. పిల్లలకు అందనివ్వకండి.
- ఒలికితే ఊక గాని, రంపపు పొట్టు గాని చల్లి ఎత్తేయండి. నీళ్లు పోసి కడగకండి.
- ఆయిలును వీలైనంతవరకు డ్రమ్ము పెట్టి పోగు చేసే వర్క్‌షాపులోనే మార్పించండి. కొనేవాళ్లను కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉందా అని అడగండి.
- ఖాళీ ఆయిలు డబ్బాకు మేకుతో బొక్క కొట్టి అమ్మండి. లేకుంటే అదే డబ్బాలో రంగు తీసిన పాత ఆయిలు నింపి మళ్లీ మనకే అంటగట్టేవాళ్లుంటారు. బిల్లు లేని చవక ఆయిలు కొని లక్షల ఇంజను చెడగొట్టుకోవద్దు.

ఊరికొక డ్రమ్ము

ఒక లెక్క వేద్దాం. ఊళ్లో 20 ట్రాక్టర్లు ఉన్నాయనుకోండి. ఒక్కోదానికి 7 లీటర్లు, ఏడాదికి మూడుసార్లు మారిస్తే 420 లీటర్లు. రెండు పెద్ద డ్రమ్ములు! ఒక్కరి ఐదారు లీటర్ల కోసం కొనేవాడు ఊరికి రాడు. డ్రమ్ము నిండితే బేరం కుదురుతుంది. పదిమంది కలిసి ఒక డ్రమ్ము పెట్టుకుని, వచ్చిన డబ్బు ఊరి పనికి వాడుకోవచ్చు.

డబ్బు సంగతి అటుంచండి. చుక్క నీటి కోసం వందల అడుగులు దిగిపోతున్న రోజులివి. వేలు, లక్షలు పోసి వేయించిన బోరులోకి మన చేత్తోనే విషం పోసుకోవడం తెలివైన పని కాదు. ఈసారి నట్టు విప్పే ముందు కింద గిన్నె పెట్టారా లేదా చూసుకోండి. మీ పొలానికి వచ్చే బాడుగ ట్రాక్టరు డ్రైవరుకూ ఆ మాట గట్టిగానే చెప్పండి.