నంబరు మనది... డేటా అక్కడిది!

విదేశీ ప్రయాణమంటే సూట్‌కేసు రెండుసార్లు తూకం వేస్తాం. ఆవకాయ సీసాకు మూడు కవర్లు చుడతాం. ఫోన్ సంగతికొచ్చేసరికి మాత్రం ‘అక్కడికెళ్లాక చూసుకుందాంలే’ అనేస్తాం. పిల్లల దగ్గరికో, చదువుకో, చుట్టిరావడానికో లండన్ లాంటి మహానగరంలో దిగేవాళ్లకు అన్నిటికన్నా ముందు పనిపడేది ఆ ఫోన్‌తోనే.

హైదరాబాద్ నుంచి వచ్చిన విమానం హీత్రూలో దిగి ఇంకా గేటు దగ్గరికి చేరకముందే లోపల ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్ నుంచి బయటికొస్తాయి. కొన్ని వెంటనే టింగుమంటాయి. కొన్నింట్లో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయిగానీ నెట్ రాదు. ఇంకొన్ని ఏ గీతా లేక ఊరుకుంటాయి. అబ్బాయి పంపిన అడ్రసు వాట్సాప్‌లో ఉంది. దారి మ్యాప్‌లో ఉంది. క్యాబ్ యాప్‌లో, కార్డు బ్లాకైతే విప్పాల్సింది బ్యాంకు యాప్‌లో. హీత్రూలో ఉచిత వైఫై ఉంది కాబట్టి అక్కడ నిలబడినంతసేపూ గట్టెక్కుతాం. గడప దాటాకే అసలు పరీక్ష.

ఈ ఇబ్బందిలో సగం, ఫోన్ చేసే రెండు పనుల్ని మనం ఒకటిగా చూడటంవల్ల వచ్చేదే. ఒకటి... మనమెవరో చెప్పే నంబరు. బ్యాంకు, ఆధార్, యూపీఐ, వాట్సాప్ అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. రెండోది... దారి చూపే, మాట కలిపే డేటా. ఊళ్లో ఉన్నప్పుడు రెండూ ఒకే సిమ్‌లో ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. దేశం దాటాక వాటిని విడదీసినవాళ్లకు ఖర్చు తగ్గుతుంది, తలనొప్పీ తగ్గుతుంది.

టవరు అక్కడ... లెక్క ఇక్కడ

మన సిమ్‌లో 15 అంకెలకు మించని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. అందులో మొదటి మూడంకెలు దేశాన్ని చెబుతాయి. మనకు 404, 405; బ్రిటన్‌కు 234. లండన్ టవరు మన ఫోన్‌ని చూడగానే ఈ అంకెల్ని బట్టి ‘ఇది ఇండియా సిమ్’ అని పోల్చుకుని, మన కంపెనీని అడుగుతుంది: ఇతనికి రోమింగ్ ఉందా, ప్యాక్ వేసుకున్నాడా? అక్కడి నుంచి సరేనని జవాబొస్తేనే తలుపు తెరుచుకుంటుంది. గీతలుండీ నెట్ రాకపోవడానికి కారణం సాధారణంగా ఇదే. సిగ్నల్ లండన్‌దే, అనుమతి మాత్రం మనవాళ్లది.

రోమింగ్‌లో డేటా నడిచే దారి ఇంకా విచిత్రం. లండన్‌లోని ఈస్ట్‌హామ్‌లో కూర్చుని పక్క వీధిలో హోటల్ కోసం వెతికినా, ఆ ప్రశ్న సాధారణంగా సముద్రపు కేబుళ్ల మీదుగా ఇండియా దాకా వచ్చి, మన కంపెనీ గేటు దాటి, మళ్లీ ప్రపంచంలోకి వెళ్తుంది. పొరుగింటికి రాసిన ఉత్తరం సొంతూరి పోస్టాఫీసు ముద్ర వేయించుకుని వచ్చినట్టన్నమాట. రానూపోనూ దాదాపు సెకనులో పదో వంతు అదనంగా పడుతుంది. మెసేజీలకు అది తెలియదు. వీడియో కాల్‌లో మాట మీద మాట పడుతుంటే మాత్రం ఒక కారణం ఇదే కావచ్చు. లండన్‌లో ఉన్నా కొన్ని వెబ్‌సైట్లు మనల్ని ఇండియాలో ఉన్నట్టే చూడటం కూడా ఇందువల్లే.

మూడు దారులు

మొదటిది, మన కంపెనీ రోమింగ్ ప్యాక్. ఇక్కడే రీఛార్జ్ చేసుకుంటే చాలు, సిమ్ మార్చే పనిలేదు. నాలుగైదు రోజుల ఆఫీసు పనికీ, ఫోన్ సెట్టింగుల జోలికి వెళ్లడానికి భయపడే పెద్దవాళ్లకూ ఇదే సుఖం. నెలల తరబడి ఉండేవాళ్లకు బరువవుతుంది. ఒక్క జాగ్రత్త: విమానంలో దొరికే మొబైల్ సిగ్నల్ వేరే కంపెనీలది. దానికి ప్యాక్ విడిగా ఉంటుంది. దిగేదాకా ఫ్లైట్ మోడ్‌లో ఉంచడమే మేలు.

రెండోది, అక్కడి సిమ్. మన దగ్గర సిమ్ కావాలంటే ఆధార్, ఫొటో తప్పవు కదా. బ్రిటన్‌లో ప్రీపెయిడ్ సిమ్‌కు గుర్తింపు కార్డు అడగరు. సూపర్‌మార్కెట్లో, సందు చివరి కొట్టులో పాలప్యాకెట్‌తోపాటు కొనుక్కోవచ్చు. ఈఈ, ఓ2, వొడాఫోన్, త్రీ అక్కడి పెద్ద నెట్‌వర్కులు. వీటిలో వొడాఫోన్, త్రీ 2025లో ఒక్కటయ్యాయి. వీటి టవర్లనే అద్దెకు తీసుకుని నడిచే చిన్న బ్రాండ్లు చాలా ఉన్నాయి. గిఫ్‌గాఫ్‌కు ఓ2 టవర్లు, లెబారాకు వొడాఫోన్‌వి, స్మార్టీకి త్రీవి. పది పౌండ్ల చుట్టుపక్కల నెలకు సరిపడా డేటా వీటిలో దొరుకుతుంది. ఎయిర్‌పోర్టు మెషీన్లలో కొంటే సాధారణంగా ఎక్కువ పడుతుంది. చదువుకోవడానికి వెళ్లినవాళ్లకు ఎలాగూ అక్కడి నంబరు కావాలి. డాక్టరు దగ్గర పేరు నమోదుకీ, బ్యాంకు ఖాతాకీ, పార్ట్‌టైమ్ ఉద్యోగానికీ దాన్నే అడుగుతారు.

మూడోది, ఈ-సిమ్. చేతిలో పట్టుకునే ముక్క ఉండదు. ఫోన్‌లోనే ఉన్న చిప్‌లోకి క్యూఆర్ కోడ్ ద్వారా కనెక్షన్ దిగుతుంది. ఐఫోన్లలో 2018లో వచ్చిన మోడళ్ల నుంచి ఈ సదుపాయం ఉంది. మీ ఫోన్‌లో ఉందో లేదో తెలియాలంటే *#06# నొక్కండి. ఐఎంఈఐతోపాటు 32 అంకెల ఈఐడీ కూడా కనిపిస్తే ఉన్నట్టే. ఇంట్లో వైఫై దగ్గర కూర్చుని ముందురోజే ఎక్కించుకోవచ్చు. ఇండియా సిమ్ దాని చోట అదుంటుంది, డేటాకి ఈ-సిమ్ ఉంటుంది. నంబరునీ డేటానీ విడదీయడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు. టూరిస్టుల ఈ-సిమ్ ప్యాకుల్లో చాలావాటికి ఫోన్ నంబరు ఉండదు, డేటా మాత్రమే. వాట్సాప్ కాల్‌తో సరిపెట్టుకునేవాళ్లకు అది లోటు కాదు.

ఏ దారి పట్టినా, ముందు ఫోన్ అక్కడ పనికొస్తుందో లేదో చూసుకోవాలి. బ్రిటన్‌లో కంపెనీలు 2023 నుంచి వరసగా 3జీని ఆపేస్తూ వచ్చాయి. 4జీ మీద కాల్స్ రాని పాత ఫోన్ ఇక 2జీతోనే నెట్టుకురావాలి. పైగా అక్కడ గోడల్ని దాటుకుని ఇళ్లలోకి బాగా చొచ్చుకొచ్చే 4జీ సిగ్నల్ 800 మెగాహెర్ట్జ్‌లో, అంటే బ్యాండ్ 20లో వస్తుంది. ఇక్కడ అమ్మే చవక ఫోన్లలో కొన్నింటికి ఆ బ్యాండ్ ఉండదు. వీధిలో చక్కగా పనిచేసిన ఫోన్ ఇంట్లోకి రాగానే మొరాయిస్తే సిమ్‌ని తిట్టుకోవద్దు.

పాత సిమ్‌ని పారేయొద్దు

లండన్ సిమ్ వేసుకున్న సంబరంలో ఇండియా సిమ్ తీసి పర్సులో పెట్టేవాళ్లు చాలామంది. నాలుగు రోజులకు కార్డుతో ఏదో కొనబోతే ఓటీపీ ఆ పర్సులోని సిమ్‌కే వెళ్తుంది. యూపీఐ యాపులు కూడా సిమ్ ఫోన్‌లో కనిపించకపోతే మళ్లీ నమోదు చేసుకోమంటాయి. అందుకే రెండు సిమ్‌లు పట్టే ఫోన్ అయితే రెండూ అందులోనే ఉండాలి. ఒకటే పడితే పాత ఫోన్ ఒకటి వెంట తీసుకెళ్లి, ఇండియా సిమ్‌ని అందులో వేసి ఇంట్లో ఉంచండి.

రోమింగ్‌లో వచ్చే ఎస్‌ఎంఎస్‌లకు సాధారణంగా డబ్బులు పడవు. అయితే రోమింగ్ సదుపాయం ఆన్‌లో ఉండాలి, ప్లాన్ వ్యాలిడిటీ మిగిలుండాలి. ఈ రెండూ విమానం ఎక్కకముందే చూసుకోవాలి. బ్రిటన్ విజిటర్ వీసా మీద ఆరు నెలల దాకా ఉండొచ్చు. అమ్మానాన్నలు మనవడితో ఆడుకుంటూ ఉండగా ఇక్కడ రీఛార్జ్ గడువు దాటిపోయి, 90 రోజులపాటు ఏ వాడకమూ లేకపోతే నంబరే చేజారే ప్రమాదం ఉంది. అదే నంబరు తర్వాత ఇంకొకరికి వెళ్తుంది. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాల్సిన తేదీ ఆ రీఛార్జ్ గడువు.

కార్డుల సంగతీ అంతే. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 నుంచి ఇచ్చే కొత్త కార్డుల్లో విదేశీ వాడకం మూసే ఉంటుంది. యాప్‌లో మనమే తెరవాలి. ఇది లండన్‌లో బస్సు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. అక్కడి సిటీ బస్సుల్లో 2014 జులై నుంచి నగదు తీసుకోరు. అక్కడి ప్రయాణాలకు వాడే ఆయిస్టర్ కార్డో, ట్యాప్ చేసే బ్యాంకు కార్డో ఉండాలి.

బ్రిటన్‌లో స్థిరపడినవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. ఆ దేశంతో కలిపి పది దేశాల నంబర్లతో ప్రవాస భారతీయుల ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌వో ఖాతాలకు యూపీఐ వాడుకునే వీలు 2023లో మొదలైంది.

రెండే రెండు మీటలు

కొన్నదంతా సరిగ్గానే కొన్నా బిల్లు వాచిపోవడానికి ఫోన్‌లో చిన్న మీట చాలు. లండన్‌లో ఉన్న కూతురు ఊళ్లో తండ్రికి వీడియో కాల్‌లో నేర్పే పాఠం దాదాపు ఇలా ఉంటుంది:

‘‘నాన్నా, సెట్టింగ్స్‌లో రెండు సిమ్‌లూ కనిపిస్తున్నాయా?’’

‘‘ఆ... రెండోదానికి ఏదో కొత్త పేరుందమ్మా.’’

‘‘అదే నేను పంపింది. ఇక్కడ దిగాక మొబైల్ డేటా దగ్గర దాన్ని పెట్టుకో. మన పాత నంబరుకు డేటా రోమింగ్ ఆపెయ్.’’

‘‘మరి కొత్తదానికి?’’

‘‘దానికి రోమింగ్ ఆన్‌లోనే ఉండాలి నాన్నా. లేకపోతే నెట్ రాదు.’’

చివరి మాట దగ్గరే చాలామంది తడబడతారు. టూరిస్టు ఈ-సిమ్‌లు చాలావరకు వేరే ఏదో దేశపు కంపెనీవి. అవి లండన్‌లో రోమింగ్ మీదే నడుస్తాయి. అందుకే దానికి ఆన్, ఇండియా సిమ్‌కు ఆఫ్. ఐఫోన్‌లో ఇంకొక మీట ఉంది. ఒక సిమ్‌లో నెట్ బలహీనపడితే రెండోదానికి తనంతట తనే మారిపోయే సదుపాయం. ఊళ్లో మంచిదే, విదేశంలో ఆపేయాలి. ఫొటోలు దాచే యాప్‌ని వైఫైలో మాత్రమే పనిచేసేలా పెట్టుకోవాలి. మ్యాప్‌కీ మెసేజీలకీ పట్టే డేటా కొంచెమే. హెచ్‌డీ సినిమా మాత్రం గంటకు 3 జీబీ దాకా లాగేస్తుంది.

భూమి కింద సిగ్నల్

లండన్ మెట్రో 1863లో మొదలైంది. ఇప్పుడు 272 స్టేషన్లు. నగరం నడిబొడ్డున చాలా లైన్లు లోతైన సొరంగాల్లో నడుస్తాయి. వందేళ్ల కిందట రైలు పట్టేంత మేరకే తవ్విన గొట్టాలవి. ఫోన్ తరంగాలు అంత మట్టిని దాటి రాలేవు. సొరంగం పొడవునా ప్రత్యేకమైన కేబుల్ వేస్తే అది దారంతా కొద్దికొద్దిగా సిగ్నల్ వదులుతుంది. రైళ్లు ఆగిన అర్ధరాత్రి తర్వాతే ఆ పని చేయాలి. 2020 మార్చిలో జూబ్లీ లైన్‌లో వెస్ట్‌మినిస్టర్, క్యానింగ్ టౌన్ మధ్య తొలిసారి 4జీ వచ్చింది. ఆ మరుసటేడు ఇరవయ్యేళ్ల ఒప్పందం కుదిరి మిగతా లైన్లకూ పని సాగుతోంది. పాత లైన్లలో ఒక స్టేషన్‌లో ఉన్న నెట్ తర్వాతి సొరంగంలో ఉంటుందన్న ధీమా వద్దు.

2022లో ప్రారంభమైన ఎలిజబెత్ లైన్ ఈ విషయంలో మెరుగు. దాని సొరంగాల్లోనూ 4జీ అందుతుంది. హీత్రూలో ఆ రైలెక్కి వైట్‌చాపెల్‌లో డిస్ట్రిక్ట్ లైన్‌కు మారితే, దక్షిణాది కొట్లూ హోటళ్లూ బారులు తీరిన ఈస్ట్‌హామ్‌కు చేరొచ్చు. బో రోడ్ దాటాక ఆ రైలు నేల మీదికి వచ్చేస్తుంది. కొత్తగా వచ్చిన అమ్మానాన్నలకు ఫోన్ మూగబోయే బెడద తక్కువున్న దారి ఇది.

డేటా పోయినా పోనివి

మ్యాప్‌లో మనమెక్కడున్నామో చూపే నీలం చుక్కకు నెట్‌తో పనిలేదు. ఫోన్ ఆకాశంలోని ఉపగ్రహాల నుంచే దాన్ని లెక్కగట్టుకుంటుంది. అందుకే గూగుల్ మ్యాప్స్‌లో లండన్ పటాన్ని ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే మనం ఏ వీధిలో ఉన్నామో డేటా లేకపోయినా తెలుస్తుంది. అయితే ఆఫ్‌లైన్‌లో అది కారు దారి మాత్రమే చెబుతుంది, బస్సులూ రైళ్లూ చెప్పదు. కాబట్టి వెళ్లాల్సిన దారిని వైఫై ఉన్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. అనువాదం యాప్‌లో తెలుగు, ఇంగ్లిష్ ప్యాకుల్ని కూడా ముందే దించుకుంటే ఇంగ్లిష్ రాని అమ్మకు అంగట్లో ఆసరా.

అన్నిటికన్నా నమ్మకమైంది కాగితం. ఇంటి అడ్రసు, పిన్‌కోడ్, ఇద్దరి ఫోన్ నంబర్లు, కార్డు బ్లాక్ చేయించే నంబరు రాసుకుని జేబులో పెట్టుకోండి. లండన్ రోడ్ల మీద ఫోన్‌లు లాక్కుని బైకుల మీద ఉడాయించే దొంగతనాలు పెద్ద బెడద. కాలిబాట అంచున నిలబడి మ్యాప్ చూడకుండా గోడ వైపు జరగండి. ఆపదొస్తే 999 గానీ, 112 గానీ. మన కంపెనీ టవరు అందకపోయినా వేరేవాళ్ల టవరు ఆ కాల్‌ని అందుకుంటుంది.

ఊరు మారితే లెక్క మారుతుంది

లండన్ సిమ్‌తో ప్యారిస్ వెళ్లేవాళ్లు ముందు ప్యాక్ షరతులు చదవాలి. ఐరోపా సమాఖ్య 2017లో తన దేశాల మధ్య రోమింగ్ చార్జీలు ఎత్తేసింది. బ్రిటన్ బయటికొచ్చాక అక్కడి కొన్ని కంపెనీలు మళ్లీ వడ్డించడం మొదలుపెట్టాయి. సింగపూర్‌లో సిమ్ కొనాలంటే పాస్‌పోర్టు చూపాలి. టోక్యోలో టూరిస్టు సిమ్‌లు చాలావరకు డేటాకే. చైనాలో స్థానిక సిమ్‌తో గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు. ఇండియా సిమ్ రోమింగ్‌లో మాత్రం సాధారణంగా పనిచేస్తాయి. డేటా మన గేటు మీదుగా రావడం అక్కడ వరమవుతుందన్నమాట.

బయల్దేరే వారం ముందు ఒక గంట కూర్చుంటే ఇవన్నీ అయిపోతాయి. ఇంకొక్కటి, ఇంట్లోవాళ్లందరూ కలిసి అనుకోవాల్సింది: రైలెక్కేముందు ఒక మెసేజ్, దిగాక ఒక మెసేజ్. మధ్యలో గంటదాకా పలుకు లేకపోయినా కంగారు పడొద్దు, పది మిస్డ్ కాల్స్ ఇవ్వొద్దు. ఏ కంపెనీ ప్యాక్‌లోనూ దొరకని సదుపాయం ఇది, రూపాయి ఖర్చు లేనిది కూడా.