క్లస్టర్ నాడి చూసే ప్లగిన్

ఖతార్ ఉత్తర కొసన, మదీనత్ అల్ షమాల్‌లో ఉంటూ దూరాన ఉన్న సర్వర్లను చూసుకునేవాడిని నేను. అర్ధరాత్రి ఫోను మోగితే ఇంటిల్లిపాదికీ నిద్ర పోతుంది. అది లేవదగ్గ కబురేనా అన్నదే ఇవాళ్టి విషయం.

నాగియోస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో నెట్‌సెయింట్ పేరుతో విడుదల చేశాడు. ఇది స్వయంగా ఏ సర్వర్‌నీ పరీక్షించదు. ఆ పని ప్లగిన్లనే చిన్న ప్రోగ్రాములది. అవి అంకెతో జవాబిస్తాయి: 0 క్షేమం, 1 హెచ్చరిక, 2 ప్రమాదం, 3 తెలియదు.

క్లస్టరంటే ఒకే పనిని పంచుకునే సర్వర్ల గుంపు. పెళ్ళివంటలో పదిమందిలో ఒకరికి జ్వరమొస్తే భోజనాలు ఆగవు కదండీ! చెక్ క్లస్టర్ అనే ప్లగిన్ విడివిడి ఫలితాలు తీసుకుని, బాగాలేనివెన్నో లెక్కపెడుతుంది. రెండు పడితే హెచ్చరిక, నాలుగు పడితే ప్రమాదం అని హద్దులు మనమే పెట్టుకోవాలి. మొదటిదానికి ఈమెయిలు చాలు, రెండోదానికే ఫోను.

అసలు చిక్కు ఆ 3తోనే. జవాబు రాకపోతే 0 వేసేసే సొంత స్క్రిప్టులు చాలా చూశాను. ఊళ్ళో అమ్మ ఫోనెత్తకపోతే బాగుందనుకుంటామా? చెక్ క్లస్టర్ మాత్రం 3ని కూడా బాగాలేనివాటిలోనే కలుపుతుంది. ఇక నాగియోస్ మెషీనే ఆగిపోతే ఏ కబురూ రాదు. అందుకని వేరేచోట ఇంకో మెషీను దాన్ని పలకరిస్తూ ఉండాలండీ.