షట్టరు దించితేనే గుమాస్తాకు ఆదివారం

గుంటూరు జిల్లా: పొలానికి ఆదివారం లేదు. గేదెకు కుడితి పెట్టాలి, పాలు పితకాలి, వంతు వచ్చినప్పుడు నీరు పెట్టుకోవాలి. అందుకే బస్సెక్కి పట్నం వచ్చిన రైతుకు వీధి పొడుగునా దించిన షట్టర్లు కనబడితే చిరాకు వేస్తుంది. మోటారుకు వాషరో, పైపుకు జాయింటో కావాలి. కొట్టుకు చూస్తే తాళం. బస్సు చార్జీ దండగైందని గొణుక్కుంటూ వెనక్కి మళ్లేవారు ప్రతి పట్నంలోనూ ఉంటారు. అయితే ఆ తాళం వెనుక ఒక మనిషి సెలవు ఉందన్న సంగతి చాలామందికి తట్టదు.

ఆరు రోజులూ నిలువుకాళ్ల మీదే

బట్టల కొట్లో గానీ, ఇనుప సామాను కొట్లో గానీ గుమాస్తా పని పొద్దున్నే మొదలవుతుంది. ఊడ్చి, నీళ్లు చల్లి, అగరువత్తి వెలిగించింది మొదలు రాత్రి లెక్క చూసి తాళం వేసే దాకా నిలబడే ఉండాలి. బేరం కుదిరినా కుదరకపోయినా పది తానులు విప్పి చూపాలి, మళ్లీ మడత పెట్టాలి. ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. వాళ్లతో కూర్చుని అన్నం తినడానికి అతనికి మిగిలింది ఆదివారం ఒక్కటే. ఇలాంటి గుమాస్తాల్లో పల్లెల నుంచి వెళ్లి కుదిరిన కుర్రవాళ్లు ఎందరో ఉన్నారు.

అడిగి, పోరాడి తెచ్చుకున్నది

ఈ సెలవు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో కార్మికులకు ఒకప్పుడు వారపు సెలవన్నదే లేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే కార్మిక నాయకుడు 1884లో మిల్లు పనివారిని కూడగట్టి, ఆదివారం సెలవు కావాలని అర్జీ పెట్టించారు. ఆరేళ్ల పోరాటం తర్వాత 1890 జూన్ 10న మిల్లు యజమానులు దిగివచ్చారు. ఆయన పేర 2005లో తపాలా బిళ్ల కూడా విడుదలైంది.

మిల్లు పనివారికి దొరికిన సెలవు కొట్ల గుమాస్తాల దాకా రావడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. వారానికి ఒక రోజు కొట్టు పూర్తిగా మూయాలనీ, ఆ రోజు ఏదో అందరికీ కనబడేలా బోర్డు పెట్టాలనీ, సెలవు పేరుతో జీతం కోయరాదనీ 1942 నాటి వారపు సెలవుల చట్టం చెప్పింది. తర్వాత మన రాష్ట్రానికి 1988లో దుకాణాలు, సంస్థల చట్టం వచ్చింది. కొట్టు మూయాలన్న నిబంధన నుంచి కొందరికి ప్రభుత్వం మినహాయింపులు ఇస్తూ వచ్చినా, పనివారికి వారానికి ఒక రోజు జీతంతో సెలవు ఇచ్చి తీరాలన్నది మాత్రం అలాగే ఉంది.

పల్లెకు తెలియని మాట కాదు

విశ్రాంతి అన్నది పల్లెకు కొత్తేమీ కాదు. అమావాస్య నాడు నాగలి కట్టని ఊళ్లున్నాయి. తాపీమేస్త్రీలు ఆ రోజు తాపీ ముట్టరు. కనుమ నాడు ఎడ్లకు కాడి పెట్టరు, కడిగి, బొట్టు పెట్టి, కడుపునిండా మేపుతారు. మంగళవారం మంగలి షాపు మూసి ఉంటుందని తెలిసి, గడ్డం పని సోమవారమే ముగించుకునేవారు ఎందరో. మిరప రైతుకు గుంటూరు యార్డు శని, ఆదివారాలు పనిచేయదని తెలుసు. సోమవారం బేరానికి అందేలా సరుకు కదుపుతాడు. యార్డు సెలవును మన్నించే రైతు, వాషర్లు అమ్మే కుర్రవాడి సెలవును మన్నించలేడా?

మూసిన వీధి మూగది కాదు

కొట్లు మూసినంత మాత్రాన పట్నం పడుకోదు. పొద్దున మాంసం కొట్ల దగ్గర జనం కిటకిటలాడతారు. మంగలి షాపులో వరస తప్పదు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరులో అడుగుపెట్టింది మొదలు ఇక్కడ చర్చి గంటలు ఆదివారాన్ని పిలుస్తూనే ఉన్నాయి. తెల్లబట్టలు కట్టుకుని, బైబిలు చేతబట్టి నడిచి వెళ్లే కుటుంబాలకు ఆ రోజు బండ్ల రొద తగ్గిన రోడ్డు దొరుకుతుంది. మూసిన కొట్ల ముందు పిల్లలు బంతి ఆడతారు. ఆ అరుగుల మీదే ముసలివారు కూర్చుని పేపరు చదువుకుంటారు. హాస్టలులో చదివే పిల్లను చూడవచ్చిన తల్లి, కొట్టు మెట్ల మీద సద్ది విప్పి తినిపిస్తుంది. డబ్బు ఖర్చు కాని ఆదివారం ఇది.

సగం షట్టరుతో చేటు

ఈ ఆదివారానికి ఇప్పుడు తూట్లు పడుతున్నాయి. బేరం పోతుందన్న భయంతో కొందరు యజమానులు సగం షట్టరు ఎత్తి లోపల అమ్మకం సాగిస్తున్నారు. ఒకరు తీస్తే పక్కవాడూ తీయక తప్పదు. అమ్మకం రెండు రోజులకు పంచుకుంటుందే తప్ప పెరిగేది అంతంత మాత్రమే. పోయేది గుమాస్తా సెలవు. బదులుగా మరో రోజు సెలవు ఇవ్వని చోట అతను అడగలేడు. అడిగితే రేపటి నుంచి రావద్దంటారేమోనని జంకు.

తలుపు తట్టే చెయ్యి లేకపోతే సగం షట్టరు కూడా లేవదు. మందుల షాపు, ఆసుపత్రి అక్కరకు ఆదివారం లేదు, అవి తీసి ఉండవలసిందే. పెళ్లి బట్టలు, పైపు జాయింట్లు, పురుగుమందుల సంగతి వేరు. వీటిని శనివారమే చూసుకోవచ్చు. మోటారుకు కావలసిన చిల్లర సామాను ఒక జత ఇంట్లో అట్టే పెట్టుకుంటే ఆదివారం పరుగు తప్పుతుంది. కొట్టు తీసిందీ లేనిదీ బయలుదేరే ముందు ఒక ఫోను చేసి కనుక్కుంటే చార్జీ మిగులుతుంది. కార్మిక శాఖ అధికారులు కూడా షట్టరు ఎత్తారా, దించారా అని చూసి ఊరుకోక, లోపల పనిచేసేవారికి వారపు సెలవు అందుతున్నదీ లేనిదీ విచారించాలని గుమాస్తాలు కోరుతున్నారు.