ఇంటికి ముందు ఒక మజిలీ



మా వీధి మలుపులో పూలమ్మే ఆమె, భర్తతో, ఇద్దరు పిల్లలతో మూసిన దుకాణాల అరుగుల మీదే కాపురం చేస్తూండేది. ఒకనాడు ఉండబట్టలేక, "ఇద్దరూ సంపాదిస్తున్నారు కదా, ఒక గది అద్దెకు తీసుకోరాదూ?" అన్నాను.

"అడ్వాన్సు కట్టాలంటే డబ్బు దాచాలి. దాచాలంటే పెట్టె ఉండాలి. పెట్టె పెట్టుకోవాలంటే ఇల్లుండాలి కదమ్మగారూ!" అంది. నాకు నోట మాట రాలేదు.

లెక్క వేసి చూడండి. పొయ్యి లేదు కనుక ప్రతి పూటా బయట కొనుక్కు తినాలి. స్నానానికి, మరుగుదొడ్డికి డబ్బులిచ్చుకోవాలి. ఆదమరిచి నిద్రపోతే కొంగున ముడివేసుకున్నదీ పోతుంది. చిల్లుకుండలో నీళ్ళు నిలుస్తాయా?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేల పైమాటే. పట్టణాల్లో ఉన్న ఇలాంటివారి కోసం 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద ఆశ్రయ గృహాల పథకం వచ్చింది. లక్ష జనాభాకు కనీసం నూరుమంది తలదాచుకునే వసతి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, రాత్రింబవళ్ళూ తెరిచి ఉండాలి అని నియమాలు పెట్టారు. కుటుంబాలకు విడిగా వసతి ఉండాలన్నారు.

నీడ ఒక్కటే అయితే చెట్టు కిందా దొరుకుతుంది. ఇలాంటి చోట వంటకు వీలుంటే తిండిఖర్చు తగ్గుతుంది. చెప్పుకోడానికి చిరునామా ఉంటే రేషను కార్డుకూ, బ్యాంకు ఖాతాకూ దారి ఏర్పడుతుంది. పిల్లవాడు అంగన్‌వాడీకో, బడికో వెడితే తల్లి నిశ్చింతగా పనికి పోగలదు. అలా నెలనెలా మిగిలిందే రేపటి అడ్వాన్సు.

అయితే ఒక్క మాట. మజిలీ మజిలీయే, అదే ఊరు కాదు. పని, పొదుపు, ఆ తరువాత అందుబాటు అద్దెలో ఒక గది - ఈ మూడూ కుదరకపోతే ఆ కుటుంబం మళ్ళీ అరుగు మీదికే వస్తుంది.

మనం చేయగలిగిందీ ఉంది. మీ ఊళ్ళో ఇలాంటి వసతి ఎక్కడుందో మునిసిపల్ ఆఫీసులో కనుక్కుని, తెలియనివాళ్ళకు చెప్పండి. ఖాతా తెరవడానికి తోడు వెళ్ళండి. గది ఖాళీగా ఉన్నవాళ్ళు అడ్వాన్సు వాయిదాల మీద తీసుకున్నా ఒక సంసారం నిలబడుతుంది.

ఇకమీదట "గది తీసుకోరాదూ" అని అడిగేముందు, నాలాగా కాకుండా, పెట్టె సంగతి కాస్త ఆలోచించండి.