పశ్చాత్తాపం – క్షమాభిక్ష

1993 మార్చి 8 తెల్లవారుజామున చిలకలూరిపేట సమీపంలో దోపిడీకి తెగబడిన ఇద్దరు యువకులు బస్సుకు నిప్పంటించారు. 23 మంది సజీవ దహనమయ్యారు. నాడు తెనాలి, బాపట్ల, రేపల్లెల మాదిరే ఆ ఊరూ గుంటూరు జిల్లాలోనిదే. అది మన జిల్లా శోకం.

1996లో సుప్రీంకోర్టు ఉరిశిక్షను ఖాయం చేసింది. దోషులు పశ్చాత్తాపపడుతున్నారంటూ రచయిత్రి మహాశ్వేతాదేవి ప్రభృతులు క్షమాభిక్ష కోరారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు.

పశ్చాత్తాపం నిజమైనదైతే అల్లాహ్ స్వీకరిస్తాడు. తౌబా ద్వారం చెరసాలలోనూ తెరిచే ఉంటుంది. కాని తోటి మానవుల హక్కు కేవలం తౌబాతో తీరదు. హత్య విషయంలో క్షమించే అధికారాన్ని అల్ బఖరా సూరా 178వ ఆయత్ హతుని వారసులకిచ్చింది. దారిదోపిడీ విషయంలోనైతే అల్ మాయిదా 34వ ఆయత్ పట్టుబడక ముందే పశ్చాత్తాపపడిన వారిని మాత్రమే మినహాయించింది. మన రాజ్యాంగపు 72వ అధికరణం క్షమాధికారాన్ని రాష్ట్రపతికిచ్చింది. వారసుల సమ్మతి అందులో షరతు కాదు.

రెండు ప్రాణాలు నిలిచినందుకు మేము విచారించడం లేదు. అయితే దోషి కన్నీటిని చూసిన సమాజం బాధితుల కన్నీటినీ తుడవాలి. క్షమ కోరేవాడు ముందుగా వారినే వేడుకోవాలి. వారి హక్కు తీర్చే ప్రయత్నమే తౌబాకు నిదర్శనం. ఆ కుటుంబాలకు అల్లాహ్ సహనాన్ని ప్రసాదించుగాక!